పట్టాలకున్న కాపలా కట్టకేదీ?

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే కాలనీల్లో తరాలుగా ఉంటున్న తెలుగువాళ్లకు పట్టాలు కాయడం తెలుసు. వాళ్ల ఊరి పక్కనే కాంసాయి నది మీద, కాటన్ దొర ఆలోచనల్లోంచి పుట్టిన ఆనకట్ట ఒకటుంది. పెద్ద డ్యాములకు చట్టం వచ్చింది, ఢిల్లీలో అథారిటీ వచ్చింది. ఇలాంటి చిన్న కట్టల సంగతేమిటి?

ఖరగ్‌పూర్‌లో మేదినీపూర్ లోకల్ ఎక్కితే గిరి మైదాన్, గోకుల్‌పూర్ దాటేసరికి ఎర్రమట్టి మెరక అయిపోయి నేల పల్లానికి దిగుతుంది. అక్కడే కాంసాయి. కాగితాల మీద దాని పేరు కంగ్సావతి. పురూలియా కొండల్లో పుట్టి, బాంకుడా మీదుగా వచ్చి, మేదినీపూర్‌కూ ఖరగ్‌పూర్‌కూ మధ్య నుంచి తూర్పుకు సాగిపోతుంది. ఎండాకాలంలో చూస్తే నీటి కన్నా ఇసుకే ఎక్కువ. శ్రావణంలో చూస్తే అక్కడ ఇసుక ఉండేదన్న సంగతే గుర్తుకు రాదు.

ఈ నదికి అడ్డంగా మోహన్‌పూర్ దగ్గర ఓ కట్ట ఉంది. ఊళ్లో అందరికీ అది అనికట్. రైలు వంతెన, బీరేంద్ర శాస్మల్ పేరు పెట్టిన రోడ్డు వంతెన, ఈ అనికట్... మూడూ కొద్ది దూరంలోనే ఉంటాయి. నీళ్లను నెలల తరబడి దాచుకునే జలాశయం కాదిది. నది మట్టాన్ని కాస్త పైకి ఎత్తి, పక్కనున్న కాలువలోకి మళ్లించే కట్ట. వరదొస్తే నీరు దాని నెత్తి మీదుగానే పోతుంది. అలా పోవాలనే కట్టారు.

కాబట్టి దీన్ని ఎవరూ డ్యాము అనుకోరు. ఇది తెగితే ఊళ్లు కొట్టుకుపోవు, టీవీల్లో రాత్రంతా చర్చలు నడవవు. కానీ కాలువ తలకు నీరందదు. నది మట్టం పడిపోతే ఇసుకలోని ఊట బావులు కిందికి దిగిపోతాయి. కట్ట తెగిన చోట మొదలైన కోత ఎగువకు పాకి, దారిలో వంతెన ఉంటే దాని స్తంభాల మొదళ్లను తడుముతుంది. అంటే చిన్న కట్ట తెగడంలో నష్టం ఒక్క రాత్రిలో తేలదు, ఏళ్ల తరబడి వస్తూ ఉంటుంది. ఇదేమీ ఊహ కాదు. ఈ శతాబ్దం తొలి దశకంలో వరద పాత కట్టను దెబ్బతీసింది. ఆ తర్వాత ప్రభుత్వం దాన్ని కొత్తగా కట్టాల్సి వచ్చింది.

కొత్త కట్ట ఎంత గట్టిదన్న ప్రశ్నకు ఇంజినీర్లు జవాబు చెబుతారు. దాన్ని రోజూ ఎవరు చూడాలన్న ప్రశ్నకు జవాబు కాంక్రీటులో దొరకదు. ఈ కథనం ఆ రెండో ప్రశ్న గురించి.

ధవళేశ్వరం నుంచి మేదినీపూర్ దాకా

1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. గోదావరి జిల్లాల దశ తిరిగింది. ఆరేళ్ల తర్వాత 1858లో సర్ ఆర్థర్ కాటన్ ఒడిశా వెళ్లి మహానది డెల్టాను చూశాడు. గోదావరి మీద చేసిన పనే అక్కడా చేయొచ్చన్నాడు. కాలువలు తవ్వితే పొలాలకు నీళ్లూ పడవలకు దారీ రెండూ వస్తాయన్నది ఆయన వాదం. రైళ్ల మీద పోసే డబ్బు కాలువల మీద పోయమని జీవితాంతం పోరాడాడు. ఆ ఊపులోనే ప్రైవేటు పెట్టుబడితో ఈస్ట్ ఇండియా ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ పుట్టింది. ఒడిశా పనులతో పాటు 1866లో మేదినీపూర్ కాలువ పనికీ దిగింది. ఒడిశాను మహాకరువు ఊడ్చేసిన ఏడాది అది.

కంపెనీ చేతిలో డబ్బు నిలవలేదు. 1868లో ప్రభుత్వం ఆ పనులన్నీ కొనేసింది. 1870ల మొదట్లో కాలువలో నీళ్లు పారాయి. కాంసాయి మీది ఆనకట్ట దగ్గర మొదలై, పాంస్కుడా మీదుగా, రూప్‌నారాయణ్, దామోదర్ నదులను దాటుకుంటూ హుగ్లీ ఒడ్డునున్న ఉలుబేడియా దాకా కాలువ. మధ్యలో లాకులు. రైలు రాని రోజుల్లో కలకత్తా నుంచి మేదినీపూర్‌కు మనుషులకూ సరుకులకూ ఇదే పెద్ద దారి.

ఇలాంటిదే మరో కంపెనీ కథ రాయలసీమకు బాగా తెలుసు. మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర ఆనకట్ట కట్టి, కర్నూలు-కడప కాలువ తవ్వింది. అదీ నష్టాల్లో కూరుకుపోతే 1882లో ప్రభుత్వం తీసుకుంది. వాటాదారులు పోయారు, కంపెనీలు పోయాయి, కట్టలు మిగిలాయి. 2009 అక్టోబరు 2న తుంగభద్ర పొంగినప్పుడు కొత్తగా కట్టిన సుంకేసుల బ్యారేజీ మీదుగానే వరద దూకింది. దిగువన కర్నూలు నగరం మునిగింది. తక్కువ ఎత్తు కట్ట కదా అని నది దయ చూపదని ఆ రాత్రి కర్నూలుకు తెలిసింది.

కాలువను రైలు ఓడించింది

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే 1900లో హౌరా, ఖరగ్‌పూర్‌లను కలిపింది. పడవల రోజులు అయిపోయాయి. గంటల్లో కలకత్తా చేరుతుంటే రోజుల తరబడి లాకుల దగ్గర ఎవరు కాచుకుంటారు? 1902లో కటక్ నుంచి వాల్తేరు దాకా తీర రైలు మార్గమూ బి.ఎన్.ఆర్ చేతికొచ్చింది. దాంతో విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాల పల్లెలకూ ఖరగ్‌పూర్ వర్క్‌షాపుకూ నేరుగా దారి పడింది. గ్యాంగుల్లోకి, లోకో షెడ్లలోకి, ఫౌండ్రీల్లోకి తెలుగువాళ్లు రైలెక్కి వచ్చారు. మథురాకాటి, నింపురా, ఓల్డ్ సెటిల్‌మెంట్, న్యూ సెటిల్‌మెంట్ క్వార్టర్లలో కాపురాలు పెట్టారు. 1927లో ఇక్కడి కార్మికులు సమ్మెకు దిగి దేశం దృష్టిని తమవైపు తిప్పుకున్నారు. బి.ఎన్.ఆర్ కార్మిక సంఘాన్ని నడిపిన నాయకుల్లో ఒకరైన వి.వి.గిరి తర్వాత రాష్ట్రపతి అయ్యారు.

ఇప్పటికీ ఇక్కడ మాత పూజలకు వీధులు నిండిపోతాయి. ఇంట్లో తెలుగు, బజార్లో హిందీ, ఆఫీసులో బెంగాలీ. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాషల్లో చోటిచ్చింది. ఆ నిర్ణయం వెనక ప్రధానంగా ఉన్నది ఖరగ్‌పూర్ తెలుగువాళ్లే.

రైలు రాకతో కాలువ దారి చిన్నబోయింది, సేద్యపు నీళ్లకే పరిమితమైంది. తర్వాత 1956లో ఎగువన బాంకుడా జిల్లా ముకుట్‌మణిపూర్ దగ్గర కంగ్సావతి ప్రాజెక్టు మొదలైంది. కాంసాయి, కుమారి నదులు కలిసే చోట కిలోమీటర్ల పొడవున మట్టికట్ట లేచింది. పర్యాటకులు వెళ్లి ఫొటోలు దిగేది అక్కడే. వార్తల్లోకి వచ్చేదీ అదే. దిగువన ఉన్న పాత అనికట్ ఆ పెద్ద ప్రాజెక్టు నీడలోకి వెళ్లిపోయింది. పైన పెద్ద గేట్లు ఎత్తినప్పుడల్లా ఆ నీళ్లు మాత్రం ఈ చిన్న కట్ట మీదుగానే దిగుతాయి.

కీమన్ నడక

ఖరగ్‌పూర్‌లో ఏ తెలుగింట్లో అడిగినా చెబుతారు కీమన్ అంటే ఎవరో. పొద్దున్నే సుత్తి, స్పానరు, ఎర్రజెండా, పచ్చజెండా, డిటోనేటర్లు సంచిలో వేసుకుని తన బీటులో పట్టాల వెంట నడుస్తాడు. ఒక పట్టా పక్కగా వెళ్లి రెండో పట్టా పక్కగా తిరిగొస్తాడు. కళ్లు కిందే ఉంటాయి. పట్టాను బిగించే కీ వదులైతే సుత్తితో ఒక దెబ్బ. కంకర జారితే గుర్తు పెట్టుకుంటాడు. పట్టా పగిలిందని అనుమానమొస్తే జెండా పాతి రైలు ఆపుతాడు. రైలు ఆపడానికి ఎవరి అనుమతీ అడగనక్కర్లేదు. ఆ అధికారం అతని సంచిలోనే ఉంది.

వానాకాలం వస్తే రాత్రి పెట్రోలింగు మొదలవుతుంది. దీపం పట్టుకుని ఇద్దరేసి నడుస్తారు. బీటు చివర అవతలి వాళ్లను కలిసి పుస్తకాలు మార్చుకుంటారు. నడవకుండా నడిచినట్టు రాసుకోవడం కుదరదన్నమాట. రైల్వేలో ప్రతి వంతెనకూ నెంబరుంటుంది. పైపు వేసిన చిన్న కల్వర్టుకూ నెంబరుంటుంది. స్తంభం మీద డేంజరు లెవెల్ గీత, గతంలో వచ్చిన అతి పెద్ద వరద గీత రంగుతో కనబడతాయి. నీరు డేంజరు గీత తాకితే రైళ్ల సంగతి ఏం చేయాలో ముందే రాసిపెట్టి ఉంటుంది. వానలు పోయాక ప్రతి వంతెననూ ఇన్‌స్పెక్టరు చూసి రిజిస్టరులో రాయాలి. పై అధికారి ఆ రాతను చూసి సంతకం పెట్టాలి.

రైల్వే తన పట్టాలతోనే ఆగదు. పట్టాలకు దూరంగా పొలాల్లో ఉన్న చెరువులను కూడా లెక్క కట్టుకుంటుంది. ఏ చెరువు కట్ట తెగితే నీరు లైను మీదికి వస్తుందో వాటికి వేరే జాబితా. ఇంజినీర్ల భాషలో 'రైల్వే ఎఫెక్టింగ్ ట్యాంక్స్'. ఆ కట్టల యజమాని రాష్ట్ర ప్రభుత్వం. కానీ వానలకు ముందు రైల్వే ఇంజినీర్లూ రాష్ట్ర ఇంజినీర్లూ కలిసి వాటిని చూడాలన్నది పద్ధతి.

పద్ధతి కాగితం మీద ఉంటే చాలదని వలిగొండ చెప్పింది. 2005 అక్టోబరు 29 తెల్లవారుజామున రేపల్లె నుంచి సికింద్రాబాద్ వస్తున్న డెల్టా ఫాస్ట్ ప్యాసింజరు నల్గొండ జిల్లా వలిగొండ దగ్గర నీళ్లలో పడింది. రాత్రి వానకు ఓ చిన్న చెరువు తెగి, లైను కింది మట్టిని కోసుకుపోయింది. పట్టాలు గాల్లో వేలాడుతున్నాయి. డ్రైవరుకు ఆ సంగతి తెలియదు. నూటపది మందికి పైగా చనిపోయారు. ఏ పెద్ద డ్యామూ తెగలేదు ఆ రాత్రి. పేరు కూడా ఎవరికీ తెలియని ఊరి చెరువు తెగింది. 2024 సెప్టెంబరు 1న కేసముద్రం, ఇంటికన్నె మధ్య చెరువుల నీళ్లు మళ్లీ కంకరంతా ఊడ్చుకుపోయి పట్టాలను వేలాడదీశాయి. ఈసారి సమాచారం ముందే అంది రైళ్లు ఆగాయి. పంతొమ్మిదేళ్ల తేడాలో ఆ రెండు రాత్రులను వేరు చేసింది ముందే అందిన కబురు.

కట్ట కింద ఏం జరుగుతుంది

ఇసుక నది మీద కట్టిన ఆనకట్ట పైనుంచి పడిపోదు, కింద నుంచి పోతుంది. కట్టకు ఎగువన నీటి మట్టం ఎక్కువ, దిగువన తక్కువ. ఆ తేడా వల్ల నీరు పునాది కింద ఇసుకలోంచి దారి వెతుక్కుంటూ అవతలికి చేరుతుంది. దారి పొడుగ్గా ఉంటే నీరు నెమ్మదిస్తుంది, తేటగా ఊరుతుంది. దారి పొట్టిగా ఉంటే ఊపుతో వస్తూ ఇసుక రేణువులను వెంట తెచ్చుకుంటుంది. చక్కెర బస్తా అడుగున చిన్న చిల్లు పడితే పైన ఏమీ కనబడదు, లోపల ఖాళీ అవుతూ ఉంటుంది. కట్ట కింద జరిగేదీ అదే. ఒకరోజు కట్టకు దిగువన పరిచిన ఏప్రాన్ రాళ్లు కుంగుతాయి. ఆ తర్వాత గంటల పనే.

ఈ పాఠం నేర్చుకోవడానికి ఇంజినీర్లకు చాలా ఏళ్లు పట్టింది. గంగ మీద నరోరా వియర్ (నీరు మీదుగా పారే ఆనకట్ట) 1898లో ఇలాగే దెబ్బతింది. కింద నుంచి తోసే నీటి బలాన్ని లెక్కలోకి తీసుకోవాలని అప్పుడు అర్థమైంది. తర్వాత పునాది కింద నీటి దారి ఎంత పొడుగుండాలో చెప్పే బ్లై సూత్రం వచ్చింది. 1936లో ఖోస్లా బృందం ఇసుక పునాదుల మీద వియర్ల లెక్కలన్నీ పుస్తకంగా తెచ్చింది. ఇంత శాస్త్రం చేతిలో ఉన్నా 2023 అక్టోబరు 21న మేడిగడ్డ బ్యారేజీ ఏడో బ్లాకులో స్తంభాలు కుంగాయి. పునాది కింది ఇసుక కదలడం గురించే నేషనల్ డ్యామ్ సేఫ్టీ అథారిటీ నిపుణులు మాట్లాడారు. ధవళేశ్వరంలో కాటన్ కింద పరిచిన రాయి ఎందుకు అంత వెడల్పో అప్పుడు చాలామందికి మళ్లీ గుర్తొచ్చింది. ఆ ఆనకట్ట కాలాన్ని గట్టెక్కడానికి ఆ రాయి ఎంత కారణమో, వరద తర్వాత కొట్టుకుపోయిన రాయికి బదులు మళ్లీ రాయి వేసిన మనుషులూ అంతే కారణం.

కాంసాయిలో ఇంకో సమస్య ఉంది. పైన పెద్ద జలాశయం ఇసుకను ఆపేస్తుంది. ఇసుక లేని నీరు కిందికి వచ్చి ఆకలి తీర్చుకోవడానికి నది అడుగునే కోస్తుంది. దానికి తోడు లారీలకు ఇసుక తవ్వకం. కట్టకు దిగువన ఇసుక తవ్వితే అడుగు దిగిపోతుంది. పైనా కిందా మట్టాల తేడా పెరుగుతుంది. అంటే ఏ తేడాకని లెక్క వేసి కట్టారో, ఆ లెక్కే మారిపోతుంది. కట్టను ఎవరూ తాకలేదు, గునపం దింపలేదు. అయినా అది బలహీనపడింది. వంతెనలు, ఆనకట్టల దగ్గర్లో ఇసుక తవ్వకూడదని నిబంధనలున్నది ఇందుకే. రాత్రిపూట లారీ ఎవరిదన్న దాన్ని బట్టి అవి అమలవుతాయి.

చిన్న కట్టలను చూసే మనిషికి ఖరీదైన పరికరాలక్కర్లేదు. వానలకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి దిగువన గడ పెట్టి లోతు కొలవాలి. నీరు వడివడిగా సుడి తిరిగే చోట గుంట పడిందేమో చూడాలి. ఒడ్డున మట్టికట్ట కలిసే మూల దగ్గర నిలబడి ఊట చూడాలి. తేటనీరైతే రాసి పెట్టుకోవాలి, బురదనీరైతే పరుగెత్తాలి. షట్టర్లున్న చోట తుప్పు, గ్రీజు, గొలుసు చూడాలి. మన డెల్టాల్లో ఈ పని లస్కర్లు చేసేవారు. తెలంగాణ చెరువుల మీద నీరటి చేసేవాడు. ఎలకబొరియ ఎక్కడుందో, ఏ తూము తలుపు ఏ వైపు బిగుసుకుందో వాళ్లకు కంఠతా వచ్చేది. వాళ్లు రిటైరైన చోట ఖాళీలు ఖాళీలుగానే ఉండిపోయాయి.

మన కట్టల మీద రాసిన పాఠాలు

కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు 2021 నవంబరు 19 తెల్లవారుజామున తెగింది. అంతకుముందు ఎగువన పింఛ కట్ట దెబ్బతింది. అన్నమయ్య గేట్లలో ఒకటి అప్పటికే పనిచేయడం లేదు. వచ్చే నీటికి పోయే దారి చాలక మట్టికట్ట మీదుగా దూకి కోసేసింది. పులపత్తూరు, తొగురుపేట, మందపల్లి గ్రామాలు నిద్రలోనే నీళ్లలో మునిగాయి. నందలూరు దగ్గర బస్సులు కొట్టుకుపోయాయి, రైలు మార్గం తెగింది. గేటు రిపేరుకు పట్టే ఖర్చుతో పోలిస్తే ఆ ఒక్క తెల్లవారుజాము ఖర్చు ఎంతో ఎవరూ లెక్క కట్టలేరు.

2024 జులై 18న అశ్వారావుపేట దగ్గర పెద్దవాగు ప్రాజెక్టు కట్ట తెగింది. కట్ట తెలంగాణలో ఉంది. ఆయకట్టులో ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. రాష్ట్రం విడిపోయాక ఖర్చు ఎవరు పెట్టాలన్నది తేలలేదు. గండి పడి నీళ్లు వేలేరుపాడు వైపు ఊళ్ల మీద పడినప్పుడు మాత్రం సరిహద్దు ఎక్కడుందో నీళ్లు అడగలేదు. చిన్న ప్రాజెక్టుకు ఇద్దరు యజమానులున్నారంటే చాలాసార్లు యజమానే లేడని అర్థం.

అదే ఏడాది ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యామ్ 19వ గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపోయింది. రెండు రాష్ట్రాల మంత్రులు పరుగెత్తారు. ఎనిమిది పదులకు చేరువైన గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు వెళ్లి, పారుతున్న నీటిలోనే గేటు స్థానంలో స్టాప్‌లాగ్ (తాత్కాలిక అడ్డు) దింపించి జలాశయాన్ని కాపాడారు. తుంగభద్ర పెద్దది కాబట్టి ఆయన వెళ్లారు. చిన్న కట్ట గేటు ఊడితే వెళ్లేదెవరు? ఊళ్లోనో, పక్క జిల్లాలోనో ఆ పని తెలిసిన మనిషి ఉండాలి. ఆ మనిషిని తయారుచేసే ఏర్పాటు మనకు లేదు.

కట్ట దిట్టంగా ఉన్నా ప్రాణాలు పోవచ్చు. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నదిలో దిగి ఫొటోలు తీసుకుంటున్న హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది, ఎగువన లార్జి ప్రాజెక్టు నుంచి వదిలిన నీళ్లలో కొట్టుకుపోయారు. ఆ రోజు ప్రాజెక్టు తెగలేదు, కూలలేదు. కింద ఉన్నవాళ్లకు చాలినంత హెచ్చరిక అందలేదు. ఎండాకాలంలో కాంసాయిలో దిగే పిల్లల తల్లిదండ్రులు గుర్తుపెట్టుకోవాల్సిన తారీఖు అది.

చట్టం కొలత పట్టీ

మన దేశంలో పెద్ద డ్యాములు ఆరు వేలకు పైగా ఉన్నాయి. వాటి కోసం డ్యామ్ సేఫ్టీ చట్టం 2021 డిసెంబరు 30న అమల్లోకి వచ్చింది. మంచి చట్టమే. వానలకు ముందూ తర్వాతా తనిఖీ చేయాలంటుంది. వరద తర్వాత, భూకంపం తర్వాత మళ్లీ చూడాలంటుంది. ప్రతి డ్యాముకూ అత్యవసర ప్రణాళిక ఉండాలంటుంది. అయిదేళ్లలోగా, అంటే 2026 డిసెంబరు 30 లోపు, ప్రతి డ్యామునూ నిపుణుల చేత సమగ్రంగా పరీక్ష చేయించాలంటుంది. బ్యారేజీలు, వియర్లు కూడా డ్యాముల కిందికే వస్తాయని నిర్వచనంలో రాసింది.

ఆ తర్వాత కొలత పట్టీ తీస్తుంది. ఎత్తు పదిహేను మీటర్లు దాటితే చట్టం వర్తిస్తుంది. పది నుంచి పదిహేను మధ్య అయితే పొడవు, నిల్వ, వరద పరిమాణం, పునాది సమస్యల వంటి షరతుల్లో ఏదో ఒకటి ఉండాలి. పది మీటర్ల లోపుంటే అసలు లెక్కలోకే రాదు. ఊరి చెరువులు, వాగుల మీది ఆనకట్టలు, కాంసాయి అనికట్ లాంటి తక్కువ ఎత్తు కట్టలు ఇక్కడే జారిపోతాయి.

దీన్నిబట్టి మేదినీపూర్ అనికట్‌ను ఎవరూ చూడటం లేదని చెప్పడం అన్యాయం. దానికి రాష్ట్ర నీటిపారుదల, జలమార్గాల శాఖ ఉంది, ఇంజినీర్లున్నారు. పెద్ద డ్యాము యజమాని అయితే ఎప్పుడు చూశాడో, ఏం చూశాడో, ఏం సరిచేశాడో చట్టానికి చెప్పాలి. చిన్న కట్ట యజమానికి ఆ బాధ్యత లేదు. చెప్పాల్సిన అవసరం లేని పని ముందుగా వాయిదా పడుతుంది, తర్వాత మరుగున పడుతుంది. కొత్త కట్టకు శిలాఫలకం ఉంటుంది, ఫొటో ఉంటుంది. గడ పెట్టి లోతు కొలిచిన రోజున ఎవరూ కొబ్బరికాయ కొట్టరు. బడ్జెట్‌లో కొత్త పనులకు ఒక పద్దు, మరమ్మతులకు మరో పద్దు ఉంటాయి. కోత పడేది ఎప్పుడూ రెండోదానికే.

2024 సెప్టెంబరులో దక్షిణ బెంగాల్ మునిగినప్పుడు పాంస్కుడా దగ్గర కాంసాయి గట్టుకు గండ్లు పడ్డాయి. పైనుంచి నీళ్లు ఎవరు వదిలారు, ఎంత వదిలారు అని రాష్ట్రమూ కేంద్రమూ ఒకరినొకరు తప్పుపట్టుకున్నాయి. ఏటా వచ్చే తగవే అది. గట్టు వానలకు ముందు ఏ స్థితిలో ఉందన్న ప్రశ్న ఆ అరుపుల్లో వినిపించదు.

ఊరు చేయగలిగింది

ఖరగ్‌పూర్‌కు బయటి నుంచి ఎవరూ వచ్చి పాఠం చెప్పనక్కర్లేదు. కాపలా అంటే ఏమిటో నూట పాతికేళ్లుగా తెలిసిన ఊరు. హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలో 1951లో మొదలైన ఐఐటీ అక్కడే ఉంది. నది అడుగు ఏటా ఎంత దిగుతోందో కొలవడం సివిల్ ఇంజినీరింగ్ విద్యార్థులకు ఓ సెమిస్టరు పని. పదేళ్లు వరుసగా కొలిస్తే అంతకు మించిన హెచ్చరిక వ్యవస్థ ఉండదు. రైల్వేకు కూడా ఇందులో సొంత ప్రయోజనం ఉంది. దాని వంతెనా ఆ నదిలోనే నిలబడి ఉంది.

కావాల్సినవి పెద్ద కోరికలు కావు. కల్వర్టుకు ఇచ్చినట్టు జిల్లాలోని ప్రతి చిన్న కట్టకూ ఒక నెంబరు. కట్ట మీద అందరికీ కనబడేలా నీటి గేజి, డేంజరు గీత. వానలకు ముందు, తర్వాత తనిఖీ, ఆ రాతను జనం చూడగలిగే చోట పెట్టడం. ముకుట్‌మణిపూర్ నుంచి నీళ్లు వదిలే ముందు కింద మోగే సైరను. పక్కన బోర్డు. ఆ బోర్డు మీద బెంగాలీ, హిందీలతో పాటు తెలుగూ ఉండాలి. అధికార భాషగా గుర్తింపు వచ్చిందన్నది రాజకీయ సభల్లో చెప్పుకోవడానికే అయితే దాని వల్ల ఒక్క పిల్లాడికీ మేలు లేదు. నదిలో దిగొద్దని వాడికి వాడి భాషలో చెబితే మేలుంది.

అన్నిటికన్నా ముఖ్యం, కట్ట వెంట నడిచే ఒక మనిషి. అతనికి జీతం ఉండాలి, బీటు ఉండాలి, పుస్తకం ఉండాలి. బురదనీరు కనబడితే ఎవరికి ఫోన్ చేయాలో తెలియాలి. కీమన్‌కు రైలు ఆపే అధికారం ఇచ్చినట్టే అతనికీ కట్ట దగ్గర్నుంచి జనాన్ని ఖాళీ చేయించే అధికారం ఉండాలి. ఆ ఉద్యోగం ఏడాది ఖర్చు ఒక్క గండి పూడ్చే మట్టి ఖర్చుకు సరిపోదు.

ఈ పద్ధతి ఖరగ్‌పూర్‌కే కాదు. శ్రీకాకుళంలో వంశధార కాలువల దగ్గర, ఖమ్మం వాగుల మీద, కడప కొండల కింద ఉన్న వేల చిన్న కట్టలకూ ఇదే వర్తిస్తుంది. చట్టం పది మీటర్ల గీత కింద వదిలేసినవాటిని రాష్ట్రాలు తమ నిబంధనలతో తీసుకోవచ్చు. అడ్డేమీ లేదు. ఎన్నికల్లో మన ఊరికి ఏ కొత్త ప్రాజెక్టు వస్తుందని అడగడం అలవాటైంది. మీ ఊరి కట్టను చివరిసారి ఎవరు, ఏ తేదీన, ఏం రాసి చూశారో చూపించమని అడగండి. తేదీ చెప్పగలిగిన శాఖ దగ్గర కట్ట భద్రంగా ఉన్నట్టు. చెప్పలేకపోతే కొత్త కాంక్రీటు ఎంత పోసినా లాభం లేదు.